"తారో నాం కాయి?" - ఒక పేరు అడిగితే తెలిసిన కథ

వినాయక చవితి వెళ్లిందంటే చాలు, కర్నూల్లో మా వీధికి సీతాఫలాల గంపలొస్తాయి. గంప దించేది ఎక్కువగా సుగాలి ఆడవాళ్లే. మా ఇంటికి ఏళ్ల తరబడి ఒక అవ్వ వచ్చేది. మోచేతి పైదాకా తెల్లటి గాజులు, అద్దాలు పొదిగిన రవిక, గవ్వలు కుట్టిన పైట. "కాయకు కన్ను ఇచ్చింది తల్లీ, రేపటికి పండుతాది" అని ఒక్కో కాయా ఏరి చేతిలో పెట్టేది. బేరం చేసేదాన్ని, మంచినీళ్లిచ్చేదాన్ని, పాత చీర కూడా ఇచ్చాను. ఒక్కటి మాత్రం చేయలేదు. ఇన్నేళ్లలో ఆవిడ పేరు అడగలేదు! "ఓ సుగాలామే!" అనే పిలిచాను. మీలో ఎంతమంది అలాగే పిలుస్తున్నారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

ఒకసారి అవ్వ వెంట మనవరాలొచ్చింది. హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. అవ్వ గంప దించుతూ తన భాషలో ఏదో అంది. పిల్ల తెలుగులో బదులిచ్చింది. అవ్వ మళ్లీ తన భాషలోనే అంది. పిల్ల నా వైపు చూసి సిగ్గుపడి, "తెలుగులో మాట్లాడవ్వా, అందరూ సూస్తాండారు" అంది.

అవ్వ ముఖం చిన్నబోయింది. "సూడు తల్లీ! నా నోటి మాటంటే దీనికి సిగ్గంట. నేను సచ్చిపోతే దీనితో మా మాట మాట్లాడేదెవరు?" అంది.

నాకేం చెప్పాలో తోచలేదు. మాట మార్చాలని, "అవ్వా, నీ పేరేమని మీ భాషలో ఎట్లా అడగాల?" అన్నాను. అవ్వ ఫక్కున నవ్వి, "తారో నాం కాయి?" అని నేర్పింది. అదే ప్రశ్న ఆవిడనే అడిగాను. పేరు చెప్పింది. అది ఆవిడ సొంతం కాబట్టి ఇక్కడ రాయను. పుట్టిన వారాన్ని బట్టి వాళ్లమ్మ పెట్టిన పేరు అని మాత్రం చెబుతాను.

ఆ రోజునుంచి నాకు సుగాలీల మాట మీద, పేర్ల మీద ఆసక్తి పుట్టింది. తెలుసుకుంటూ పోతే, ఇదే కథ మనకు ఏడు సముద్రాల అవతల న్యూజిలాండులో కూడా జరిగిందని తెలిసింది. అక్కడ దాన్ని చక్కదిద్దడానికి ముందుకొచ్చింది ఎవరనుకున్నారు? మనలాంటి అమ్మలు, అమ్మమ్మలూ!

గోర్ బోలి మాట్లాడే వాళ్లు

మన సీమలో సుగాలి అంటాం. తెలంగాణలో లంబాడీ అంటారు. మహారాష్ట్ర వైపు బంజారా. వాళ్లు తమను తాము చెప్పుకునే మాట మాత్రం "గోర్". వాళ్ల భాష "గోర్ బోలి". ఇది మన తెలుగు కుటుంబానికి చెందింది కాదు. రాజస్థానీ భాషలకు దగ్గర చుట్టం. అమ్మను "యాడి" అంటారు. నీళ్లు పాణి, రొట్టె బాటి, పలకరింపు "రాం రామి".

ఈ "యాడి" అనే మాట మీద మన ఊళ్లలో ఒక హాస్యం ఉంది. సుగాలి పిల్ల బళ్లో ఏడుస్తూ "యాడీ... యాడీ..." అంటే, తక్కిన పిల్లలు "యాడికే? యాడికి పోతావే?" అని నవ్వుతారు. మన సీమ మాటలో "యాడ" అంటే ఎక్కడ కదా! పైగా తాడిపత్రి దగ్గర యాడికి అని ఊరే ఉందాయె. నవ్వులాటే అనుకోండి. కానీ అమ్మను పిలిచిన ప్రతిసారీ పదిమంది నవ్వితే, ఏ పిల్లయినా ఆ పిలుపు మానేస్తుంది.

వీళ్లు ఇక్కడికెలా వచ్చారు? రైళ్లు, లారీలు లేని రోజుల్లో ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగిన వాళ్లు వీళ్లే. మొగలాయి సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వీళ్ల ఎద్దుల బిడారులే. మంచి రోడ్లు, రైళ్లు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. ఎద్దులు దిగిన చోటే తండాలు వెలిశాయి. తుగ్గలి, పత్తికొండ వైపు, డోన్, ప్యాపిలి వైపు, కడప నుంచి రాయచోటి పోయే దారిలో గుట్టల కింద వీళ్ల తండాలు కనిపిస్తాయి. వాళ్లు దైవంగా కొలిచే సేవాలాల్ మహారాజ్ 1739 ఫిబ్రవరి 15న మన పక్కనే, అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టాడని వాళ్ల నమ్మకం. ఆ చోటును సేవాగఢ్ అంటారు.

బతుకుతెరువు పోవడమొకటే కాదు, మీద నింద కూడా పడింది. ఇంగ్లీషు దొరలు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చారు. ఊరూరా తిరిగే కులాలను పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన చట్టమది. లంబాడీలనూ చాలాచోట్ల అందులో చేర్చారు. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినంత త్వరగా జనం నోట్లో మాట పోదు కదా! తన కులం, తన మాట బయటపడితే చులకన చేస్తారనే బెరుకు తరాల తరబడి మిగిలిపోయింది.

ఒక మనిషికి రెండు పేర్లు

సుగాలీల పేర్లు వింటే ముచ్చటేస్తుంది. సోమవారం పుడితే సోమ్లా, సోమ్లీ. మంగళవారమైతే మంగ్యా, మంగ్లీ. రూపం చూసి రూప్లా, రూప్లీ. మన సోమక్క, మంగమ్మ, రూపమ్మల్లాంటివే!

ఇంటిపేర్ల వెనక ఇంకా పెద్ద లెక్క ఉంది. రాథోడ్, చౌహాన్, పమార్, వడ్త్యా (వీళ్లనే జాదవ్ అనీ అంటారు) - ఇవి పెద్ద గోత్రాలు. మన దగ్గర రాథోడ్లను భూక్యా అంటారు. చౌహాన్‌లో ముడావత్, కొర్రా, పాల్త్యా, సభావత్ లాంటి ఇళ్లున్నాయి. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోరు. తండాకు కొత్త మనిషి వస్తే ముందు గోత్రం అడుగుతారు. అది తెలిస్తే చాలు, ఆ మనిషి అన్న అవుతాడో, బావ అవుతాడో తేలిపోతుంది. ఎవరింట నీళ్లు తాగాలి, ఎవరితో పరిహాసమాడాలి అన్నీ ఆ పేరులోనే ఉన్నాయి. ఈ వంశాల కథలు పాడి వినిపించడానికి ఢాడీలని పాటగాళ్లు కూడా ఉండేవాళ్లు.

మరి బడి రిజిస్టర్లోకి వచ్చేసరికి ఏమైంది? అబ్బాయయితే పేరు చివర నాయక్, అమ్మాయయితే బాయి. నాయక్ అనేది నిజానికి తండా పెద్దకు ఉండే హోదా. ఇప్పుడది అందరి పేర్లకూ తోక అయింది. గోత్రం పేరేమో ఒక పొడి అక్షరంగా ముందుకు పోయింది. "ఎమ్" అంటే ముడావతో, ఇంకేదో చెప్పలేని పిల్లలు ఉన్నారు. పండగకు పుట్టిన పిల్ల పేరు, వారం పేరు పెట్టుకున్న పిల్ల పేరు పలకడానికి రాలేదని లక్ష్మి అనో, సుజాత అనో రాసేసిన సందర్భాలెన్నో. అలా ఇంట్లో ఒక పేరు, బళ్లో ఒక పేరు. నాకు కనిపించిన ఆ పిల్లకూ అంతే. అవ్వ పిలిచే పేరుతో పిలవొద్దని అవ్వకే చెప్పింది.

పెళ్లికూతురు ఏడవాలన్నా మాట కావాలి

ఆ అవ్వ పిలుపు మీదే ఒకసారి వాళ్ల తండాలో పెళ్లికి పోయాను. సుగాలి పెళ్లిలో "ఢావ్లో" అని ఒక ఏడుపు పాట ఉంటుంది. పెళ్లికూతురు అత్తారింటికి పోయేముందు తల్లిని, తండ్రిని, అన్నదమ్ముల్ని, స్నేహితురాళ్లను ఒక్కొక్కరిగా కావలించుకుని, పేరుపేరునా తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తుంది. ఈ పాట పుస్తకంలో ఉండదు. పెద్ద ముత్తయిదువలు పెళ్లికి ముందే పిల్లకు నేర్పుతారు. వరస నేర్పుతారు, మాటలు మాత్రం పిల్ల తనవి తాను కూర్చుకోవాలి. మన అప్పగింతల పాటలు తోటి ముత్తయిదువలు పాడితే, వీళ్లలో పెళ్లికూతురే పాడుతుంది. అదీ తేడా.

ఆ రోజు పెళ్లికూతురు ఇంటరు దాకా టౌన్లో చదివిన పిల్ల. తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. నోటికి మాత్రం పాట రాలేదు. చదువుకున్న ఏళ్లన్నీ తెలుగులో గడిచిపోయాయి మరి! చివరికి మా అవ్వ వచ్చి ఆ పిల్ల వెనక నిలబడి, ఆ పిల్ల తరఫున తనే పాట ఎత్తుకుంది. అవ్వ ఒక్కో మాటా అంటుంటే పిల్ల వెనకాలే అంటూ ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ దుఃఖం ఆగలేదు. భాష రాని నాకే గొంతు పూడుకుపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అదే ఆలోచన. ఆ పిల్లకు కూతురు పుట్టి, ఆ కూతురి పెళ్లినాటికి వెనక నిలబడి పాడేవాళ్లు ఎవరుంటారు?

ఇదేదో సుగాలీల ఒక్కరి కథ అనుకోకండి. నల్లమల చెంచులనే తీసుకోండి. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మనం కథలు చెప్పుకుంటాం. ఆ చెంచులకిప్పుడు తెలుగే ఇంటి భాష. బుట్టలల్లే ఎరుకల వాళ్లకు "కుర్రు" అనే సొంత మాట ఉంది. వాళ్లిళ్లలోనూ పిల్లలు దాన్ని వదిలేస్తున్నారు.

ఏడు సముద్రాల అవతల

ఇక న్యూజిలాండు సంగతి. క్రికెట్టు పుణ్యమా అని ఆ దేశం పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. అక్కడ తెల్లవాళ్లకంటే ముందునుంచి ఉన్నవాళ్లు మావోరీలు. తమ దేశాన్ని "ఆవోతియారోవా" అంటారు. 1840 ఫిబ్రవరి 6న వైతాంగి అనే చోట ఇంగ్లీషు వాళ్లతో ఒప్పందం చేసుకున్నారు. ఆ తర్వాత భూములు పోయాయి, యుద్ధాలు జరిగాయి. 1867లో వచ్చిన బడుల చట్టంతో మావోరి పిల్లలకు చదువు ఇంగ్లీషులోనే చెప్పాలన్నారు. బళ్లో మావోరి మాట్లాడితే బెత్తం దెబ్బలే.

దెబ్బలు తిన్న ఆ పిల్లలు పెద్దయి తల్లులయ్యారు. "నేను పడ్డ బాధ నా బిడ్డకొద్దు" అనుకుని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనుల కోసం పల్లెలు వదిలి పట్నాలకు పోయారు. అంతే, రెండు తరాల్లో భాష పల్చబడిపోయింది. అవ్వ ఒక మాట, మనవరాలు ఒక మాట. మా గుమ్మం ముందు నేను చూసింది ఇదే కదా!

వాళ్ల భాష గురించి ఒక విశేషం చెబితే మీరు ఆశ్చర్యపోతారు. మన తెలుగును అజంత భాష అంటారు, అంటే మాట అచ్చుతో ముగుస్తుందని. మావోరి మాటలూ అంతే, ప్రతిదీ అచ్చుతోనే ముగుస్తుంది. మన లాగే వాళ్లకూ దీర్ఘాల పట్టింపు ఎక్కువ. "కెకె" అంటే కేకు. అదే దీర్ఘాలు తీసి "కేకే" అంటే చంక! పెళ్లిలో కేకు పెట్టమనబోయి ఇంకేదో అడిగినట్టవుతుంది మరి.

పేర్ల సంగతీ మన సుగాలీల లాంటిదే. మావోరి సభలో లేచి నిలబడిన మనిషి ముందు తన కొండ పేరు చెబుతాడు. తర్వాత తన ఏరు, తన పూర్వీకులు వచ్చిన పడవ, తన తెగ. చివరన తన పేరు. ఎవరి బిడ్డవో, ఏ నేల మీద పుట్టావో ముందు తెలియాలని వాళ్ల లెక్క. "ఫెనువా" అంటే వాళ్ల భాషలో నేల. ప్రసవంలో పడే మాయను కూడా ఆ మాటతోనే పిలుస్తారు. బిడ్డ పుట్టాక మాయను సొంత నేలలో పాతిపెట్టడం వాళ్ల ఆచారం. మన పల్లెల్లో ఇంట్లోనే పురుళ్లు పోసుకున్న రోజుల్లో మాయను పెరట్లో పాతలేదూ? "ఇది నా బొడ్డు కోసిన ఊరు" అని మన పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకోలేదూ?

"కియా ఓరా" అన్నందుకు

1984లో ఆక్లాండ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నైడా గ్లావిష్ అనే మావోరి ఆవిడ ఆపరేటరుగా పనిచేసేది. ఫోనెత్తగానే "కియా ఓరా" అని పలకరించేది. మన నమస్కారం లాంటి మాట. క్షేమంగా ఉండండి అని అర్థం. పైఅధికారి "ఆ మాట వద్దు, ఇంగ్లీషులోనే పలకరించు" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడను ఆ పనినుంచి తప్పించారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. పత్రికల్లో వాదోపవాదాలు, ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి ప్రధానమంత్రి దాకా పోయింది వ్యవహారం. ఆవిడకు మళ్లీ ఆ పని దక్కింది, ఆ పలకరింపూ దక్కింది. ఇవాళ విమానంలో, టీవీలో, దుకాణంలో ఆ మాటే వినిపిస్తుంది. ఒక ఉద్యోగస్తురాలు ఒక్క పలకరింపు కోసం పట్టుబట్టిన ఫలితం చూశారా!

దానికి ముందు 1972 సెప్టెంబరు 14న హానా తె హేమారా అనే యువతి, ఆవిడ తోటివాళ్లు కలిసి, బళ్లలో మావోరి నేర్పాలని 30 వేలకు పైగా సంతకాలు సేకరించి పార్లమెంటుకు తీసుకెళ్లారు. ఆ రోజునే తర్వాత భాషా దినంగా, 1975 నుంచి భాషా వారంగా జరుపుకుంటున్నారు. 1987లో మావోరిని అధికార భాషగా చట్టం చేశారు.

అవ్వల గూడు

అన్నిటికంటే నాకు నచ్చింది "కోహంగా రెఓ". అంటే భాషా గూడు. మొదటిది 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయోమాటాలో మొదలైంది. ఏముంటుంది అందులో? బడికి పోయే వయసు రాని పసిపిల్లలుంటారు. వాళ్లను చూసుకునే అవ్వలుంటారు. అక్కడ అడుగుపెడితే మావోరి తప్ప వేరే మాట వినబడదు. అన్నం తినిపించడం, ముఖం కడగడం, జోకొట్టి పడుకోబెట్టడం, అల్లరి చేస్తే కసరడం అన్నీ ఆ భాషలోనే. పాఠాలు లేవు, బెత్తాలు లేవు. పలుకు నేర్వని పసివాడికి ఇంటి భాష ఎలా వస్తుందో అలాగే వచ్చేస్తుంది.

కొన్నేళ్లలోనే ఇలాంటి గూళ్లు దేశమంతా వందల్లో వెలిశాయి. గూటినుంచి బయటికొచ్చిన పిల్లలను ఇంగ్లీషు బళ్లో వేస్తే నేర్చినదంతా మరిచిపోతారని, 1985లో ఆక్లాండులో మావోరి మాధ్యమంలో బడి కూడా తెరిచారు. ఇంతా చేస్తే గండం గడిచినట్టేనా? లేదు. 2018 జనాభా లెక్కల్లో ఆ భాష మాట్లాడగలమన్నవాళ్లు లక్షా 85 వేల పైచిలుకు. అంటే వందకు నలుగురు. పోయింది రెండు తరాల్లో, తిరిగి రావడానికి ఎన్ని తరాలు పడుతుందో! అందుకే పోకముందే పట్టుకోవాలంటారు వాళ్లు.

మన దగ్గర ఏమవుతోంది?

మన దగ్గర ఏమీ జరగడం లేదని అనలేం. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు మొదలుపెట్టారు. సవర, కువి, కోయ లాంటి వాటితో పాటు లంబాడీ భాష కూడా అందులో ఉంది. పుస్తకాలు తెలుగు లిపిలోనే. పిల్ల ముందు తన మాటలో అక్షరాలు దిద్దుకుని, మెల్లగా తెలుగులోకి వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షల పైన. మావోరి మాట్లాడేవాళ్లకు ఎన్నో రెట్లు. అయినా ప్రభుత్వ లెక్కల పుస్తకంలో దీన్ని హిందీ కింద చేర్చి లెక్కేస్తారు. ఇంత మంది మాటకు సొంత గది లేదన్నమాట.

మన పొరుగున బళ్లారి వైపు సండూరులో లంబాణీ స్త్రీల అద్దాల కుట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన వస్తువులను ఒకేచోట పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. ఇక పాటంటారా? గుత్తి దగ్గరి తండాలో పుట్టిన అమ్మాయి ఒకరు ఇవాళ సినిమాల్లో పాడుతున్నారు. బళ్లో పేరు సత్యవతి. మనందరికీ తెలిసిన పేరు మంగ్లీ! పలకడం రాదని రిజిస్టర్లో చోటివ్వని అలాంటి పేరే ఇప్పుడు టీవీలో మోగుతోంది.

మరి మన ఇంటి మాట?

ఇదంతా చదివి "సుగాలీల సంగతి మనకెందుకులే" అనుకునేవాళ్లకు ఒక మాట. 1800లో నిజాం ఇంగ్లీషు వాళ్లకు ధారాదత్తం చేస్తే మన సీమను దత్తమండలమని పిలిచారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సరుకు పేరది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించారు. ఆ పేరు చెప్పుకుంటే మనకు ఒళ్లు పులకరిస్తుంది. కడప పేరును ఇంగ్లీషు వాళ్లు "కడ్డపా" అన్నట్టు రాస్తే, 2005లో గానీ సర్కారు దాన్ని సరిచేయలేదు. న్యూజిలాండులో అన్నిటికన్నా ఎత్తయిన కొండకు కూడా 1998లోనే "ఆవోరాకి" అనే పాత పేరు చట్టప్రకారం మళ్లీ తోడైంది. మన ఊరి పేరు తప్పు రాస్తే మనకు రోషం వచ్చినప్పుడు, ఆ పిల్ల పేరు తప్పు రాస్తే దానికి రాదా?

పైగా మన పిల్లల సంగతేమిటి? "మమ్మీ"లు, "ఆంటీ"లు వచ్చి జేజి, పిన్నమ్మ, మేనత్త పోతున్నారు. మా అత్తగారు "దుత్త", "చాట", "ఒలుపు", "సద్ది" అంటుంటే మా అబ్బాయి అర్థం కాక నా ముఖం చూస్తాడు. ఆ సుగాలి పిల్లను చూసి అయ్యో అనుకున్న నేనే, మా ఇంట్లో అదే చేస్తున్నాను!

మనం చేయగలిగిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. ఇంటికొచ్చే పాలామెను, పూలామెను, పండ్లామెను కులం పేరుతో పిలవకుండా పేరు అడిగి పిలుద్దాం. పిల్లలు తమ క్లాసులోని తండా పిల్ల మాటను ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకోకుండా మందలిద్దాం. టీచరుగా పనిచేసే అక్కచెల్లెళ్లు రిజిస్టర్లో పేరు రాసేముందు తల్లిని అడిగి, తల్లి పలికినట్టే రాయండి. ఇంట్లో అవ్వ ఉంటే రోజూ ఒక గంట పిల్లల్ని ఆవిడ దగ్గర వదలండి. టీవీ మాత్రం కట్టేయండి. గూడు కట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

పోయినేడు అవ్వ రాలేదు. మోకాళ్లు పట్టేశాయట, మనవరాలే గంప తెచ్చింది. ఈసారి నేనే ముందు "తారో నాం కాయి?" అన్నాను. పిల్ల తెల్లబోయింది. తర్వాత నవ్వింది. ఒక క్షణం ఆగి, బళ్లో పేరు కాదు, అవ్వ పిలిచే పేరు చెప్పింది!

అవ్వ నేర్పిన వంట - చూర్మో

సుగాలీలు పండగలకు దేవుడికి పెట్టే తీపి ఇది. మన పీర్ల పండగ మలీదకు అక్కచెల్లెలు. పిల్లలకు సాయంత్రం బలమైన తిండి.

కావలసినవి: గోధుమపిండి 2 కప్పులు, తురిమిన బెల్లం ముప్పావు కప్పు, నెయ్యి 3 పెద్ద చెంచాలు, ఉప్పు చిటికెడు. ఇష్టమైతే యాలకుల పొడి కొద్దిగా.

చేసే విధానం: పిండిలో ఉప్పు వేసి గట్టిగా కలిపి అరగంట నాననివ్వాలి. కాస్త మందంగా రొట్టెలు ఒత్తి, నూనె లేకుండా పెనం మీద సన్నని సెగన రెండువైపులా బాగా కాల్చాలి. వేడి తగ్గకముందే తుంచి చేత్తో పొడిపొడిగా నలపాలి. చల్లారితే నలగదు, రోట్లో దంచాల్సి వస్తుంది. బెల్లం తురుము చల్లి, వేడి నెయ్యి పోసి, బెల్లం పొడికి పట్టేదాకా పిసికి కలపాలి. అలాగే తినొచ్చు, ముద్దలు కట్టి డబ్బాలో పెట్టుకోనూ వచ్చు. రెండు రోజులు నిలవ ఉంటుంది. మా ఇంట్లో అయితే గంట కూడా ఉండలేదు!